సముద్రమెవ్వరిది? చెరువెవ్వరిది?

శింగనమల సీమకు ఉప్పుసముద్రము నూరు మైళ్ళకు మించిన దూరమున నున్నది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో కాలము గడపుకొను ఈ మెట్టభూముల రైతునకు సముద్ర శాసనములతో పనియేమి యని చదువరులు మమ్ము ప్రశ్నింపవచ్చును. పని గలదనియే మా యభిప్రాయము. ఈ సీమలో చెరువునకును సముద్రమునకును మన పూర్వులు ఒక్క పేరే పెట్టిరి. 1364 ప్రాంతమున బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరునకు అడ్డముగా కట్ట వేయించి చెరువు నిర్మింపగా, కట్ట కొక కొనయందు వెలసిన యూరు బుక్కరాయసముద్రమైనది. రెండవ కొనయందు వెలసినది అనంతసాగరమై నేటి అనంతపురమునకు మూలమైనది. ఎవ్వని సొంతమును గాక, అందఱి బ్రతుకునకు ఆధారమై యుండు జలరాశి సముద్రమని ఈ పేరులు మనకు చెప్పుచున్నవి.

పూర్వులే కాదు, దొరతనము వారును ఈ రెంటిని ఒక్క గాటనే కట్టిరి. 1905 వ సంవత్సరపు మదరాసు భూఆక్రమణ చట్టము రెండవ సెక్షనును చదివిన వారికి ఈ సంగతి విశదమగును. పోటుగట్టునకు దిగువనున్న సముద్రగర్భము, నదులు, వాగులు, మడుగులు, చెరువులు, కాలువలు, నిలిచిన నీరు, పాఱెడి నీరు, ఇతరుల సొత్తుగా ఋజువు గానంతవఱకు సమస్తమును సర్కారువారి యాస్తి యని అందు చాటబడినది. విశాఖపట్టణపు బెస్తవాని సముద్రమును శింగనమల రైతు చెరువును ఒక్క వాక్యముతో ఒక్క యజమానుని క్రిందికి వచ్చినవి. ఆనాటి పరప్రభుత్వము పోయినది. ఆ వాక్యము పోలేదు. కావున సముద్రముమీద ప్రజలకు ఏ హక్కు గలదను ప్రశ్నయు, చెరువుమీద ప్రజలకు ఏ హక్కు గలదను ప్రశ్నయు రెండు గావు.

ప్రశ్న యిది: నీటిమీద బ్రతుకు వారికి ఆ నీటి పరిపాలనయందు స్థానము కలదా? కలదేని యది ప్రభుత్వము వారి దయచేత గలిగినదా, శాసనముచేత గలిగినదా? దయచేత వచ్చినది దయ తప్పిన నాడు పోవును. శాసనముచేత వచ్చినదానిని తీసివేయవలెనన్నచో సభయెదుట చెప్పి తీసివేయవలసియుండును. స్వరాజ్యమునకును దాతృత్వమునకును గల భేదమంతయు నిదియే.

సముద్ర శాసనమున ప్రజల స్థానము

ప్రపంచ సముద్రములకు నేడు మూలశాసనము 1982 లో జమైకా ద్వీపమునందలి మాంటెగో బే పట్టణమున సంతకములైన ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయపు ఒడంబడిక. అది 1994 నవంబరు 16 నుండి అమలులోనికి వచ్చినది. భారతదేశము 1995 జూనులో దానిని స్థిరపఱచినది. దానికి బీజము 1967 లో మాల్టా ప్రతినిధి ఆర్విడ్ పార్డో సమితి సభయెదుట చేసిన ప్రసంగము. ఏ రాజ్యమునకును చెందని సముద్రగర్భము మానవజాతి యంతటి ఉమ్మడి వారసత్వ మని ఆయన వాదము. ఒడంబడిక 136 వ అధికరణమున అది శాసనమైనది.

మానవజాతి సొత్తనుట గొప్ప మాటయే. కాని యా సొత్తును గుఱించి మాటలాడుటకు సభలో కూర్చుండువారెవ్వరు? రాజ్యములు. ఒడంబడిక రాజ్యములకు రాజ్యములకు మధ్య వ్రాసికొన్న పత్రము. మానవజాతి యని పేరు పెట్టబడిన యజమానుని తరపున వకాలతు పుచ్చుకొన్నది రాజ్యమే.

అయినను ఆ కోటగోడకు రెండు ద్వారములు విడువబడినవి. ఏ ద్వారము ఎవ్వరికొఱకు ఎంత వెడల్పున తెఱచిరో చదువరులు గమనింపవలెను. 153 వ అధికరణము ప్రకారము ఒక రాజ్యము పూచీపడినచో ఆ రాజ్యపు కంపెనీలు సముద్రగర్భమున గనులు త్రవ్వుటకు కంట్రాక్టు పొందవచ్చును. అట్టి కంట్రాక్టుదారునకు తగవు వచ్చెనేని 187 వ అధికరణము ననుసరించి సముద్ర న్యాయస్థానపు ప్రత్యేక విభాగము నెదుట తానే వాదిగా నిలువవచ్చును. ఇది మొదటి ద్వారము. హక్కుతో తెఱచిన ద్వారము. రెండవది 169 వ అధికరణము. ప్రభుత్వేతర సంస్థలతో సంప్రతించుటకు సముద్రతల అధికార సంస్థ కార్యదర్శి తగిన యేర్పాటులు చేయవలెనని అందున్నది. ఇది సంప్రతింపు మాత్రమే. వచ్చినవారు వినవచ్చును, చూడవచ్చును, అనుమతి దొరకినచో నాలుగు మాటలు చెప్పవచ్చును. తీర్మానమున వారికి చేయి లేదు.

2011 లో ఈ భేదము బయటపడినది. సముద్రగర్భపు త్రవ్వకములకు పూచీపడు రాజ్యముల బాధ్యతను గుఱించి ఆ న్యాయవిభాగము సలహా చెప్పుచున్న సమయమున గ్రీన్‌పీస్, ప్రపంచ వన్యప్రాణి నిధి యను రెండు సంస్థలు తమ వాదమును వినుడని కోరినవి. వారి వ్రాత న్యాయస్థానపు రికార్డులో చేరలేదు. ప్రకటన మాత్రము పొందినది. గని త్రవ్వువానికి బోను గలదు. సముద్రము చెడునేమో యని భయపడువానికి అరుగు మాత్రము గలదు. రాజ్యేతరులకు పాలనలో స్థానమను నినాదము విని మురిసిపోవు మిత్రులు ఈ సంగతిని మఱువరాదు. రాజ్యము గానివారందఱును ప్రజలు గారు. కంపెనీయు రాజ్యము గానిదే. శాసనము ఊరక తలుపు తెఱచినచో ముందుగా లోనికి వచ్చునది ధనబలము గలవాడే.

2023 జూనులో ఆమోదింపబడిన దూరసముద్ర జీవసంపద ఒడంబడిక కొంత మెఱుగు. 2026 జనవరి 17 నుండి అమలులోనికి వచ్చిన ఈ పత్రమున ఆదివాసుల యొక్కయు స్థానిక జనసమూహముల యొక్కయు సంప్రదాయ విజ్ఞానమునకు గౌరవస్థానము లభించినది. సభలు దాచియుంచక జరుపవలెననియు నున్నది. అడుగు ముందుకు పడినది. కాని ఓటు ఇప్పటికిని రాజ్యములదే.

మన తీరమున జరిగినది

రాజ్యము ప్రజల తరపుననే గదా మాటలాడునది, వేఱొకరి నోరు ఏల యని కొందఱందురు. మన తీరముననే దీనికి జవాబున్నది. 1991 లో కేంద్రప్రభుత్వము విదేశీ కంపెనీలతో కూడిన లోతుసముద్రపు చేపలవేటకు అనుమతులిచ్చుట మొదలిడినది. ఆ సముద్రముమీద తరతరములుగా జీవించువారిని అడిగినవారు లేరు. 1994 లో దేశపు తీరమంతట మత్స్యకారులు పడవలు ఒడ్డున కట్టి సమ్మె సాగించిరి. ఆందోళనము తీవ్రము కాగా మురారిగారి యధ్యక్షతన సంఘము నియమింపబడినది. 1996 లో ఆ సంఘము అట్టి యనుమతులను రద్దు చేయవలెనని సిఫారసు చేసినది. ఢిల్లీ కార్యాలయమున పొరపాటు పడినదానిని దిద్దినది పడవవాని మొండితనమే. కాని ప్రతి పొరపాటునకును వలలు మడిచి ఆకలితో కూర్చుండవలసివచ్చుట పరిపాలన కాదు. ముందే అడుగుట పరిపాలన.

అటుపిమ్మట శాసనము కొంత కదలినది. 2011 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన ప్రకారము జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా నుండు సంఘమున మత్స్యకారులతో గూడిన స్థానిక సంప్రదాయ జనులకు ముగ్గురికి తక్కువగాకుండ స్థానమీయవలెను. మూడు కుర్చీలే యగుగాక, అవి పేరుతో శాసనమున వ్రాయబడిన కుర్చీలు. ఇదియే మేము కోరు మార్గము.

చెరువు శాసనమున ప్రజల స్థానము

ఇక మన చెరువుల మాట. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనమును చూడుడు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించుచు, మంచి చెరువునకు పండ్రెండు అంగములును ఆఱు దోషములును కలవని ఱాతిమీద చెక్కించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పని యని లెక్కయు అందే యున్నది. రాజు తన వ్యయమును ఊరివారందఱు చదువునట్లు కట్టవద్దనే చెక్కించినాడు. నేడు చెరువు పనుల బిల్లులు ఏ బీరువాలో నున్నవో ఆయకట్టుదారునకు తెలియదు.

చెరువు నిర్మాణము రాజుది; పోషణ ఊరిది. ఆ పోషణకు దత్తమండలములందు దశబంధము ఇనాములు గలవు. చెరువును బాగుచేయించువానికి దాని క్రింద భూమి పన్ను లేకనో తక్కువ పన్నుతోనో అనుభవమునకు వచ్చెడిది. నీరు పంచుటకు నీరుగంటి గలడు; వానికి పంటలో వాటా గలదు. ఇది దయ కాదు, కట్టడి. పనియు, పనికి ప్రతిఫలమును, ఆ రెంటిని కాపాడు ఆచారమును ఒక్కచోట నుండినవి.

కుంఫిణీ దొరతనము వచ్చిన పిదప ఈ ముడి విడిపోయినది. 1858 లో మదరాసు నిర్బంధశ్రమ చట్టము పుట్టినది. కట్ట తెగబోవు సమయమున ఊరివారు కట్టమీదికి పోయి పనిచేయుట విధి. ఆచారమైన కుడిమరామత్తు మానినచో శిక్ష. 1905 చట్టము చెరువు సర్కారుదనెను. రెండు చట్టములను ప్రక్కప్రక్కన బెట్టి చదివినచో తేలు సిద్ధాంతమిది: యాజమాన్యము సర్కారుది, చాకిరి రైతుది.

ఈ సిద్ధాంతమునకు బలియైనవారిని మన సీమ మఱువలేదు. బుక్కరాయసముద్రపు కట్ట తెగబోవుచుండగా ఊరిని కాపాడుటకై ఆత్మార్పణము చేసికొన్న ముసలమ్మ కథను ఈ జిల్లాలో వినని ఇల్లాలు లేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము' కావ్యమునకు వస్తువు అదియే. ఆ తల్లిని మనము పూజింతుము. కాని ఒక్క ప్రశ్న వేయక తప్పదు. కట్ట తెగునప్పుడు కోడలు ప్రాణమిచ్చుటకు అర్హురాలైనపుడు, కట్ట నిలిచియున్నపుడు తూము ఎప్పుడు ఎత్తవలెనో చెప్పుటకు ఆమె యేల అర్హురాలు కాదు? త్యాగమునకు పిలిచి, ఆలోచనకు పిలువకుండుట ధర్మమా?

స్వతంత్ర భారతమున ఈ యన్యాయము కొంత సవరింపబడినది. 1992 నాటి 73 వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పేర్కొనినది. అందు మూడవది చిన్నతరహా నీటిపారుదల. ఐదవది చేపల పరిశ్రమ. 1997 లో మన రాష్ట్రము సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టమును గావించినది. దేశమున అట్టి చట్టములకు అది మార్గదర్శి. ఆ యేటనే ఉమ్మడి రాష్ట్రమున పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములు ఎన్నికలతో ఏర్పడినవి. రైతు అర్జీదారుడుగా గాక సంఘ సభ్యుడుగా చెరువుకట్ట నెక్కిన దినమది.

కాని చట్టమున వ్రాసినది వేఱు, చెల్లినది వేఱు. ఎన్నికలు ఏండ్లకొలది నిలిచిపోయినవి; తిరిగి 2024 డిసెంబరులో జరిగినవి. కాలము తీరిన సంఘమునకు మారుగా ఉద్యోగి సంతకము చెల్లుచుండ, రైతు మరల అర్జీదారుడైనాడు. ఏ ప్రభుత్వము చేసినను ఇది తప్పే. శాసనసభ ఎన్నికలను ఒక్క దినము వాయిదా వేసినచో గగ్గోలు పెట్టువారు, చెరువు సంఘపు ఎన్నికలు ఏండ్లతరబడి లేకున్నను నోరు మెదపకుండుటయు తప్పే.

న్యాయస్థానము చూపిన వెలుగు

1905 నాటి యాజమాన్య వాక్యమునకు సుప్రీంకోర్టు క్రొత్త యర్థము చెప్పినది. 1996 లో కమలనాథు వ్యాజ్యమున సముద్రతీరము, పాఱెడి నీరు, గాలి, అడవి మొదలైనవి ప్రజలందఱి యనుభవమునకై యున్నవనియు, రాజ్యము వానికి ధర్మకర్త మాత్రమే యనియు తీర్పు వచ్చినది. ధర్మకర్త గుడి మాన్యములను అమ్ముకొనరాదు. లెక్క అడిగినవానిపై కోపింపరాదు.

ఈ సూత్రము మన రాయలసీమ చెరువులకే వర్తింపజేయబడినది. తిరుపతియందలి యవిలాల, పేరూరు చెరువుల గర్భములను గృహనిర్మాణమునకు ఇచ్చివేయగా, ఇంటలెక్చువల్స్ ఫోరమ్ అను ప్రజాసంఘము న్యాయస్థానము తలుపు తట్టినది. 2006 లో సుప్రీంకోర్టు ఆ చెరువులు ప్రజల ధరోహరములని యంగీకరించి మీది నిర్మాణములను నిలుపజేసినది. అప్పటికే లేచిన యిండ్లు మాత్రము నిలిచినవి. ఇందు రెండు పాఠములు గలవు. ప్రభుత్వము గాని యొక చిన్న సంఘము సయితము చెరువు తరపున నిలువవచ్చునను ధైర్యము మొదటిది. పునాదులు లేచిన పిదప గెలిచినను సగము ఓడినట్లే గావున, ముందే వినవలెనను నిబంధన శాసనమున నుండవలెననుట రెండవది.

చట్టమున కెక్కని మాట యేమగునో రాయలసీమకు వేఱొకరు చెప్పనక్కఱలేదు. 1937 నవంబరు 16 న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు గృహమున కోస్తా నాయకులును మన నాయకులును ఒడంబడిక చేసికొనిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో పదియేండ్లవఱకు రాయలసీమకు మొదటి పాలు అని అందున్నది. పెద్దమనుష్యుల మాట, మంచి మాట. కాని యే శాసనసభయు దానిని శాసనము చేయలేదు. నేటికిని మనము దానిని జ్ఞాపకము చేయుచునే యున్నాము, చూపించి అడుగలేకున్నాము.

మన పై చెరువులకు దాహము దీర్చవలసిన తుంగభద్ర సంగతియు అట్టిదే. బచావతు తీర్పున ఎగువ కాలువకు మన రాష్ట్రపు పాలు 32.5 టి.యం.సీలు. జలాశయము మొదట 133 టి.యం.సీల ప్రమాణము గలదై, పూడికచేత 105 ప్రాంతమునకు తగ్గినది. 2024 ఆగష్టు 10 న పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినపుడు కాలువ చివరి రైతు గుండె కొట్టుకొన్నది. అయినను తుంగభద్ర బోర్డు ప్రభుత్వముల బోర్డు. అందు రైతునకు కుర్చీ లేదు. సముద్రమహాసభలో బెస్తకు లేనట్లే, హోస్పేట సభలో శింగనమల రైతునకును లేదు.

ఆక్షేపణలు

సంఘములు పార్టీల చేతులలోనికిని కంట్రాక్టర్ల చేతులలోనికిని పోవుచున్నవని ఉద్యోగులందురు. ఇందు నిజము లేకపోలేదు. కొన్నియెడల అధ్యక్షుడే గుత్తేదారు. పూడిక తీసినది కాగితముమీదనే. కాని రోగము చూపి రోగిని పూడ్చిపెట్టుట వైద్యము కాదు. పోరుమామిళ్ళ శాసనమువలె వ్యయము కట్టవద్ద వ్రాయించి, ఏటి కొకపరి గ్రామసభయెదుట చదివించినచో కంట్రాక్టరు దాగుటకు చోటుండదు.

పదిమందికి అధికారమిచ్చినచో నిర్ణయము సాగదని మఱికొందఱు. నీరు తక్కువైన యేట ఏ మళ్ళకు నీరు మానవలెనో కలెక్టరు చెప్పినచో తగవు. ఆయకట్టువారు కూర్చుండి చెప్పుకొన్నచో సర్దుబాటు. కఱవుసీమకు ఈ యనుభవము క్రొత్త కాదు.

మూడవ యాక్షేపణ మాదే. సంఘమున ఓటు ముఖ్యముగా భూమిగలవానిది. చెరువు వానిది మాత్రమేనా? చెరువులో చేపలు పట్టు బెస్తలు, బట్టలుతుకు రజకులు, మన్ను తెచ్చుకొను కుమ్మరులు, మందలకు నీరు త్రాపు గొఱ్ఱెలకాపరులు, బిందెలతో వచ్చు ఇల్లాండ్రు, వీరందఱును నీటి వినియోగదారులే గదా. కంపెనీకి ద్వారము తెఱచి బెస్తను బయట నిలిపిన సముద్ర శాసనమును తప్పుపట్టు మనము, పట్టాదారునకు కట్ట అప్పగించి తక్కినవారిని గట్టు దించినచో మన మాటకు విలువ యెక్కడ?

మేము కోరునవి

చెరువు సంఘముల ఎన్నికలు నియతకాలమున జరిగితీరవలెను. వాయిదా వేయు నధికారము మంత్రివర్గమునకు ఉండరాదు. భూమి లేని నీటివినియోగదారులకు ఓటుతో కూడిన స్థానములు చట్టమున పేరుపెట్టి వ్రాయవలెను. చెరువు గర్భమును గాని, తీరమును గాని అన్య ప్రయోజనమునకు ఇచ్చుటకు ముందు సంఘమును గ్రామసభను వినవలెను. వినక చేసిన యుత్తరువు చెల్లరాదు. తుంగభద్ర బోర్డునందు ఆయకట్టు సంఘముల ప్రతినిధులకు స్థానమీయవలెను. దానికి శాసనము సవరింపవలసియున్న సవరింపవలెను. ప్రపంచ సభలలో భారత ప్రతినిధి సముద్రమును గుఱించి మాటలాడునపుడు మత్స్యకార సంఘముల వారిని తన వెంట కూర్చుండబెట్టుకొనవలెను.

ఇవి ప్రభుత్వమును బలహీనపఱచు కోరికలు గావు. ఒంటరి యజమానుని ఇంట దొంగలు పడుట సులభము. పదిమంది కావలియున్న సొత్తు భద్రము. చెరువునకు నూఱుమంది యజమానులున్నచో ఆక్రమణదారు నూఱుమందిని కొనజాలడు.

ఈ పని రాజధానియందు మొదలగునని మేము తలపము. చదువరులారా, మీ యూరి పఠనమందిరములో 1997 చట్టపు ప్రతి యొకటి యున్నదేమో చూడుడు. లేనిచో తెప్పించి, సాయంకాలములు చదువరానివారికి చదివి వినిపింపుడు. మీ చెరువు సంఘము కడపటి సర్వసభ్య సమావేశము ఎన్నడు జరిపినదో అడుగుడు. లెక్కలు అడుగుడు. ఒకరు అడిగిన అర్జీ, ఊరు అడిగిన హక్కు. సముద్రమంత మాట మనకేల యని వెనుదీయకుడు. మన పూర్వులు వానచుక్కలు కూడబెట్టి, కట్ట కట్టి, దానికి సముద్రమని పేరు పెట్టినవారు. ఆ పేరు నిలుపుట మన విధి. ఆ నీటిమీద మన మాట చెల్లించుకొనుట మన హక్కు.